చొంగకీ ఓ చరిత్ర ఉంది

చొంగ, చొల్లు, సొల్లు. ఏ ఊరి మాట వాడినా మన భాషలో ఈ పదార్థానికి మర్యాద లేదు. చంటిపిల్లలు కారిస్తే మెళ్ళో గుడ్డ కట్టి ముద్దు పెట్టుకుంటాం. పెద్దాళ్ళు కారిస్తే వెక్కిరింతే. క్యాంటీన్లో ఎవడన్నా పక్క టీం అమ్మాయి వంక రెండు క్షణాలు ఎక్కువ చూస్తే "సొల్లు తుడుచుకోరా" అంటాం. పనికిమాలిన మాటలకి సొల్లు కబుర్లని పేరు. ఇక మన సినిమాల్లో మతి చెడినవాడి వేషం సంగతి చెప్పక్కర్లేదు. చిరిగిన చొక్కా, చెదిరిన జుట్టు, మూతివార ఓ ధార. ఎర్రగడ్డ అనో చినవాల్తేరు అనో ఒక డైలాగు. హాలంతా నవ్వులు.

నేనూ నవ్వినవాణ్ణే, మా బాబాయి కొడుకు దిండు సంగతి తెలిసేదాకా.

వాడు నాకంటే ఆరేళ్ళు చిన్న. ఇంజనీరింగ్ రెండో ఏడు చదువుతుండగా ఎవరూ లేనిచోట మాటలు వినపడ్డం మొదలైంది. స్కిజోఫ్రేనియా అన్నారు. మొదటి మందు పనిచెయ్యలేదు. రెండోది వాణ్ణి చెక్కబొమ్మలా చేసేసింది, నడుస్తుంటే చేతులు కూడా ఊగేవి కావు. మూడోది క్లోజపిన్. నాలుగైదు నెలల్లో వాడు మళ్ళీ వాడయ్యాడు. లక్ష్మణ్‌ని వన్డే టీం నించి తీసెయ్యడం గురించి నాతో ఫోన్లో గంటసేపు పోట్లాడాడు. ఆ రోజు మా పిన్ని ఏడ్చింది, సంతోషంతో.

ఈ మందుకి ఒక షరతు ఉంది. రక్తపరీక్ష చేయిస్తూ ఉండాలి, మొదట్లో వారంవారం, తర్వాత నెలనెలా. మా పిన్ని ఆ కాయితాలన్నీ ఒక ప్లాస్టిక్ ఫైల్లో తారీఖుల వారీగా పెట్టేది. మన కాన్ఫిగరేషన్ మేనేజ్‌మెంట్ వాళ్ళు చూస్తే సిగ్గుపడతారు, అంత పద్ధతిగా.

2008లో మా ఇంకో కజిన్ పెళ్ళి. కల్యాణమండపంలో మగాళ్ళందరికీ మేడమీద హాల్లో వరసగా పరుపులు వేశారు. నాలుగు రాత్రులు. ఆ నాలుగు రాత్రులూ వీడు మాత్ర వేస్కోలేదు. ఇంటికొచ్చాక ఐదోరోజు ఎందుకో మనసొప్పక పిన్నికి తనే చెప్పాడు. ఆవిడ డాక్టరుకి ఫోన్ చేస్తే ఆయన గాభరా పడ్డాడు. క్లోజపిన్ 48 గంటలకి పైన ఆగిందంటే మళ్ళీ పాత డోసు ఒకేసారి మింగకూడదట, బీపీ ధబాల్న పడిపోవచ్చు, ప్రాణం మీదకి రావచ్చు. 12.5 మిల్లీగ్రాముల దగ్గర్నుంచి, అంటే 25 మాత్రని సగానికి విరిచి, మళ్ళీ మొదట్నుంచి ఎక్కుతూ రావాలి. ఈ లోపల ఆ మాటలు తిరిగొస్తాయేమోనని ఇంట్లో ఎవరికీ నిద్రల్లేవు.

ఎందుకు ఆపావని డాక్టరడిగితే నేల చూశాడు. బాబాయి అడిగితే మరిచిపోయానన్నాడు. ఆస్పత్రి నించి ఆటోలో వస్తుంటే నాతో చెప్పాడు.

"దిండు తడిసిపోద్దన్నయ్యా. పొద్దున లేచేసరికి చెవి దాకా, మెడ దాకా. నీళ్ళు పోసినట్టే ఉంటది. బావావాళ్ళంతా పక్కనే పడుకున్నారు కదా."

ఇంటికెళ్ళి ఆ ఫైలు తిరగేశాను. మూడేళ్ళ తెల్లకణాల లెక్కలు ఒక్కటీ తప్పకుండా ఉన్నాయి. డాక్టరుగారి చేతిరాతలో బరువు, నిద్ర, మాటతీరు కూడా ఉన్నాయి. దిండు గురించి ఒక్క ముక్క లేదు. ఆయన అడగలేదు, వీడు చెప్పలేదు. మాత్ర మొదలెట్టిన రెండో వారం నించి రోజూ రాత్రి దిండు మీద పాత తువ్వాలు పరుచుకుని, పొద్దున్నే ఎవరూ లేవకముందే ఉతికి ఆరేసుకునేవాట్ట. మూడేళ్ళు.

మనం రోజూ వాడే మాటల్లో చెప్తాను. సివియారిటీ వేరు, ప్రయారిటీ వేరు అని చేరిన మొదటి నెల్లోనే నేర్పిస్తారు కదా. సర్వర్ పడిపోతే సివియారిటీ ఒకటి. స్క్రీన్ మీద బటన్ వంకరగా ఉంటే నాలుగు, "తెలిసిన సమస్యే, సరిచెయ్యం" అని రాసి మూసేస్తాం. కానీ ఆ వంకర బటన్ చూసి కస్టమరు సైటుకి రావడమే మానేస్తే? చొంగది సరిగ్గా ఇదే కథ. అసలా ఫైలు అలా ఎందుకు తయారైందా అని అప్పట్నించీ దొరికిందల్లా చదువుతూ వస్తున్నా. తీగ లాగితే యూరప్‌లో, 1950ల దాకా పోయింది.

(ముందే చెప్పేస్తున్నా, నేను డాక్టర్ని కాదు. ఇది చదివి ఎవరూ మాత్ర ఆపొద్దు, కొత్తది మొదలెట్టొద్దు.)

మతి చెడినవాళ్ళకి పనిచేసే మొదటి మాత్ర క్లోర్‌ప్రొమజీన్. 1952లో పారిస్‌లో సెయింట్ ఆన్ ఆస్పత్రిలో జాన్ డిలే, పియర్ డెనికర్ అనే ఇద్దరు డాక్టర్లు దాన్ని రోగుల మీద వాడి ఫలితాలు ప్రకటించారు. రెండేళ్ళకి అమెరికాలో నేథన్ క్లైన్ రిసర్పిన్ గురించి రాశాడు. అది మన సర్పగంధ వేరు లోంచి తీసిన మందు. గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ అనే ఇద్దరు బెంగాలీలు ఆ వేరు ఉన్మాదానికీ రక్తపోటుకీ పనిచేస్తుందని 1931లోనే రాసి పెట్టారు, పేరు మాత్రం ఆలస్యంగా వచ్చింది. అది ఇంకో టపాకి సరిపడా కథ, ఇప్పుడొద్దు.

ఈ రెండు మందులూ మనిషిని నెమ్మదింపజేశాయి, కానీ బిగుసుకుపోయేట్టు కూడా చేశాయి. అడుగు చిన్నదవడం, చెయ్యి వణకడం, మొహంలో కదలిక పోవడం, అచ్చంగా పార్కిన్సన్ జబ్బులాగే. చొంగ కూడా. మనకి నోట్లో రోజుకి దాదాపు లీటరు దాకా ఉమ్మి ఊరుతుంది. మనకి తెలీకుండానే గుటకేస్తూ ఉంటాం కాబట్టి అది కనపడదు. ఒళ్ళు బిగిసినవాడికి ఆ గుటక పడటం తగ్గుతుంది. ఊట మామూలే, కాలువే పూడింది. నీరు గట్టు దాటుతుంది.

ఇక్కడ డాక్టర్లు ఒక తమాషా ముగింపుకొచ్చారు. మందు పనిచేసిన ప్రతివాడూ ఎంతో కొంత బిగుసుకుంటున్నాడు కాబట్టి, బిగుసుకోవడమే మందు పనిచేస్తోందనడానికి గుర్తు అని. జర్మనీలో హాజె అనే ఆయన దీనికి కొలబద్ద కూడా కనిపెట్టాడు. రోగి చేత రోజూ ఒకే వాక్యం రాయించడం, అక్షరాలు కొంచెం చిన్నవై బిగిశాయంటే డోసు సరిపోయినట్టు. పాపం ఆయన అడిగింది సన్నని మార్పే, మనిషి మొత్తం కొయ్యబారక్కర్లేదన్నాడు. కిక్కిరిసిన పిచ్చాసుపత్రుల్లో అంత నాజూకు ఎవరికి కావాలి? డోసులు పెరిగాయి. మూతివార ధారతో, రాయిలాంటి మొహంతో వార్డులో గోడవారగా కూచున్న మనిషి వైద్యం అందుతున్న మనిషయ్యాడు. మన సినిమావాళ్ళు జబ్బు అనుకుని చూపించి నవ్వించింది చాలామటుకు మందునే.

ఆ నమ్మకం ఎంత గట్టిపడిందంటే మందుల కంపెనీలు దాన్ని టెస్ట్ కేసు కింద రాసేసుకున్నాయి. కొత్త రసాయనాన్ని ఎలకకిస్తారు. ఎలక కొయ్యబారి, ఎలా పెడితే అలా ఉండిపోతే, ఇది పిచ్చికి పనికొచ్చే మందు. లేకపోతే ఫెయిల్. సైడ్ ఎఫెక్టే యాక్సెప్టెన్స్ క్రైటీరియా అయి కూచుంది!

ఇప్పుడు స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌కి వద్దాం. అక్కడ వాండర్ అని ఓ కంపెనీ. ఓవల్టీన్ తాగారా చిన్నప్పుడు? అది వీళ్ళదే. ఓవల్టీన్ అమ్ముకునే ఈ కంపెనీకి మందుల ప్రయోగశాల కూడా ఉండేది. కొద్ది దూరంలో బాసెల్‌లో గైగీ కంపెనీ ఇమిప్రమీన్ అనే డిప్రెషన్ మందుతో పేరు తెచ్చుకుంటున్న రోజులు. మూడు ఉంగరాలు అతికినట్టుండే అలాంటి అణువుల్నే వీళ్ళూ వరసగా తయారుచేస్తూ పోయారు. 1958లో ఆ వరసలో పుట్టింది క్లోజపిన్. డిప్రెషన్ మందవుతుందనుకుంటే క్లోర్‌ప్రొమజీన్‌లాగా మత్తిచ్చింది. పోనీ పిచ్చికి మందా అంటే ఎలక కొయ్యబారదే! టెస్ట్ ఫెయిల్. మార్కెటింగ్ వాళ్ళకి ఏం చెప్పి అమ్మాలో తెలీలేదు. బిగుసుకోకుండా పనిచేసే మందంటే పెద్ద డాక్టర్లు కూడా నమ్మలేదు. తడవకుండా స్నానం చేశానన్నట్టుంది వాళ్ళకి.

అయినా కొందరు వాడి చూశారు. 1966లో వియన్నా నించి గ్రాస్, లాంగ్నర్ అనే ఇద్దరు ఇది బాగా పనిచేస్తోందని రాశారు. 1967లో వాండర్‌ని శాండోజ్ కొనేసింది (ఎల్ఎస్‌డీ పుట్టిన శాండోజే). 1972లో లెపోనెక్స్ అన్న పేరుతో స్విట్జర్లాండ్, ఆస్ట్రియాల్లో అమ్మకానికొచ్చింది. రిలీజు చెయ్యడానికి పద్నాలుగేళ్ళు! మన మేనేజర్లు వింటే మూర్ఛపోతారు.

1975 మొదట్లో ఫిన్లండ్‌లో మొదలెట్టారు. కొద్ది నెలల్లోనే జ్వరాలు, గొంతు పుళ్ళు, ఆ తర్వాత చావులు. రక్తంలో తెల్లకణాలు పూర్తిగా పడిపోయి, మామూలు ఇన్ఫెక్షన్‌కే మనుషులు నిలవలేకపోయారు. ఎనిమిది మంది పోయారు. వేసవి అయ్యేసరికి ఈ వార్త ప్రపంచమంతా తెలిసింది. శాండోజ్ చాలా దేశాల్లో మందుని వెనక్కి తీసుకుంది.

కథ అక్కడితో ముగిసిపోవాలి. ముగియలేదు, ఎందుకంటే కొన్నిచోట్ల మందు ఆపేసరికి బాగుపడ్డవాళ్ళు మళ్ళీ కిందపడ్డారు. వాళ్ళ డాక్టర్లు, ఇంట్లోవాళ్ళు ఆ మాత్రే కావాలని పట్టుబట్టారు. రక్తపరీక్షలు చేస్తాం, బాధ్యత మాదే అని ప్రత్యేక అనుమతులు తెచ్చుకుని కొందరికి ఇస్తూనే వచ్చారు. చైనావాళ్ళయితే 1970ల చివర్నుంచి సొంతంగా తయారుచేసుకుని విరివిగా వాడారు.

అమెరికావాళ్ళు మాత్రం రుజువు కావాలన్నారు. జాన్ కేన్, హెర్బర్ట్ మెల్ట్‌జర్ మొదలైనవాళ్ళు చేసిన పరీక్ష 1988లో అచ్చయింది. చాలా కఠినమైన పరీక్ష. అంతకుముందు కనీసం మూడు మందులకి లొంగనివాళ్ళనే తీసుకున్నారు. వాళ్ళకి మళ్ళీ ఆరువారాలు హాలోపెరిడాల్ ఇచ్చి, దానికీ లొంగకపోతేనే లోపలికి. అలా మిగిలిన 268 మందిలో సగంమందికి క్లోజపిన్, సగంమందికి క్లోర్‌ప్రొమజీన్. ఆరువారాల్లో క్లోర్‌ప్రొమజీన్ వాళ్ళలో 4 శాతం మెరుగయ్యారు. క్లోజపిన్ వాళ్ళలో 30 శాతం. డాక్టర్లు ఆశ వదిలేసిన మనుషుల్లో 30 శాతం!

ఇక్కడ నాకో అనుమానం. అది డబల్ బ్లైండ్ పరీక్ష, ఎవరు ఏ మందు మీద ఉన్నారో రోగికీ తెలీకూడదు, డాక్టరుకీ తెలీకూడదు. క్లోర్‌ప్రొమజీన్ వాళ్ళు బిగుసుకుపోయి దొరికిపోకుండా వాళ్ళకి బెంజ్‌ట్రోపిన్ కూడా కలిపిచ్చారు. బెంజ్‌ట్రోపిన్ నోరెండబెడుతుంది. అంటే ఒకవైపు నోరెండిన వాళ్ళు, ఇంకోవైపు దిండు తడిసినవాళ్ళు. పొద్దున్నే పక్కబట్టలు మార్చే ఆయాకి ఏ మంచం మీద ఏ మందుందో వారంలో తెలిసిపోయుండాలి. డాక్టర్లు అడిగుండరు లెండి. ఇది నా ఊహ మాత్రమే.

1989లో అమెరికా ఎఫ్‌డీఏ ఒప్పుకుంది, 1990లో క్లోజరిల్ పేరుతో అమ్మకం మొదలైంది. షరతు ఒకటే. రక్తం ఇవ్వకపోతే మందు లేదు. వారంవారం పరీక్ష, ఫలితం వస్తేనే తర్వాతి వారం మాత్రలు. కంపెనీ మందునీ పరీక్షనీ ఒకే ప్యాకేజీ కింద కట్టి ఏడాదికి 8,944 డాలర్లని ధర పెట్టింది. బండ్లింగ్ అన్నమాట. రోగుల కుటుంబాలు గొడవ చేశాయి, రాష్ట్రాలు కోర్టుకెళ్ళాయి, 1991లో కంపెనీ దిగొచ్చి ఆ రెండిటినీ విడదీసింది.

ధర సంగతెలా ఉన్నా, ఆ రక్తపరీక్ష పద్ధతి పనిచేసింది. అమెరికాలో మొదటి పదిహేను నెలల్లో క్లోజపిన్ మొదలెట్టిన 11,555 మంది లెక్కలు 1993లో అచ్చయ్యాయి. 73 మందికి తెల్లకణాలు పడిపోయాయి. చనిపోయింది ఇద్దరు. ఫిన్లండ్‌తో పోల్చండి. మానిటరింగ్ అంటే ఇదీ అని మన ప్రొడక్షన్ సపోర్ట్ వాళ్ళకి పాఠం చెప్పొచ్చు.

కానీ మానిటరింగ్‌కి ఒక గుణం ఉంది, మీకు తెలిసిందే. దేనికి అలారం పెట్టామో అదే చూస్తాం. క్లోజపిన్ డబ్బాలో వచ్చే కాయితంలో సైడ్ ఎఫెక్టుల పట్టిక చూడండి. తెల్లకణాలు పడిపోవడం సుమారు ఒక శాతం. నోరూరడం 31 శాతం. వేరే పరిశోధనల్లో ఈ అంకె ఇంకా పైకి, 80 శాతం దాకా పోతుంది. ఒక శాతం దానికి దేశమంతా కలిపి ఒక రిజిస్ట్రీ, వారంవారం సూది, నల్లపెట్టెలో హెచ్చరిక. ముప్ఫయ్యొక్క శాతం దానికి పట్టికలో ఒక గడి. చంపేదాన్ని ముందు చూడాలి, అందులో తప్పేం లేదు. 1975 తర్వాత ఇంకెవరున్నా అదే చేసేవాళ్ళు. తప్పెక్కడంటే, చంపదు కదా అని దాన్ని అడగడమే మానెయ్యడంలో.

అసలు చంపదన్నది కూడా పూర్తి నిజం కాదని తర్వాత తేలింది. రాత్రి నిద్రలో ఉమ్మి బయటికే కారాలని లేదు, ఊపిరితిత్తుల్లోకీ జారొచ్చు. క్లోజపిన్ మీద ఉన్నవాళ్ళకి న్యుమోనియా ఎక్కువ, దానికి ఈ చొంగ ఒక్కటే కాకపోయినా ఒక కారణమంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ దగ్గర పోగైన సైడ్ ఎఫెక్టుల రిపోర్టుల్లో క్లోజపిన్ వాడుతూ న్యుమోనియాతో పోయినవాళ్ళు, తెల్లకణాలు పడిపోయి పోయినవాళ్ళకంటే ఎక్కువ. మలబద్ధకం ఇంకోటి. వినడానికి నవ్వొచ్చే ఫిర్యాదే, పేగు కదలడం మానేసి ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. ఎఫ్‌డీఏ దాని మీద హెచ్చరిక గట్టిపరిచింది 2020లో. మందొచ్చిన ముప్ఫయ్యేళ్ళకి.

ఇంకోవైపు కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. 2002లో ఎఫ్‌డీఏ ఈ మందుకి ఇంకో అనుమతిచ్చింది, స్కిజోఫ్రేనియా ఉన్నవాళ్ళలో ఆత్మహత్య ప్రమాదం తగ్గించడానికి. 980 మందిని రెండేళ్ళపాటు చూసిన పరీక్ష దానికి ఆధారం. 2009లో లాన్సెట్‌లో ఒక పెద్ద లెక్క వచ్చింది. 66,881 మంది రోగులు, పదకొండేళ్ళు. ఈ జాతి మందులన్నిట్లోకీ చావులు తక్కువ ఉన్నది క్లోజపిన్ వాడినవాళ్ళలో. ఆ లెక్క ఏ దేశానిదో తెలుసా? ఫిన్లండ్‌ది. 1975లో ఎనిమిది మందిని పోగొట్టుకున్న ఫిన్లండ్. ఇది చదివిన రోజు రాత్రి నాకు చాలాసేపు నిద్రపట్టలేదు. మావాడు నాలుగు రాత్రులు ఆపింది ఇలాంటి మాత్రని, ఒక దిండు కోసం.

ఇక అసలు చిక్కుముడి. ఈ మందు చొంగ ఎలా కారిపిస్తుంది? పాత మందుల్లాగా ఒళ్ళు బిగిసి గుటక పడక అనుకుందామంటే క్లోజపిన్ ఒళ్ళు బిగించదు కదా. పైగా దానికి ఉమ్మెత్త గుణం ఉంది. ఉమ్మెత్తకాయ తిన్నవాడికి ఏమవుతుందో మన ఊళ్ళల్లో అందరికీ తెలుసు, నోరు పిడచకట్టుకుపోతుంది, కంటిపాప పెద్దదవుతుంది, మతి తప్పుతుంది. ఉమ్మెత్తలో ఉండే అట్రోపిన్ లాంటివి నరాల చివర మస్కరినిక్ అనే తాళాల్ని మూసేస్తాయి. లాలాజల గ్రంథులకీ, పేగులకీ పనిచెయ్యమని కబురొచ్చేది ఆ తాళాల ద్వారానే. క్లోజపిన్ కూడా వాటిని మూస్తుంది, పేగు మందగించడం అందుకే. మరి ఆ లెక్కన నోరెండిపోవాలి. నోరు మాత్రం కాలవైంది. ఒకే కోడ్, రెండు మాడ్యూళ్ళలో రెండు తలకిందుల ఫలితాలు.

దీనికి జవాబు వెతికినవాళ్ళు చాలామంది. కొందరు ఉమ్మిని కొలిచి చూస్తే ఊట పెరిగినట్టే కనపళ్ళేదు, మింగడమే తగ్గిందన్నారు. ఆ తాళాలు ఐదు రకాలు, ఎం1 నించి ఎం5 దాకా. 1994లో వచ్చిన ఒక పేపరు క్లోజపిన్ నాలుగింటినీ మూస్తూనే ఎం4ని మాత్రం తెరుస్తోందని చెప్పింది. తర్వాత క్లోజపిన్ మన లివర్లో విరిగి తయారయ్యే నార్‌క్లోజపిన్ అనే పదార్థం మీద అనుమానం పడింది, అది ఎం1ని తెరుస్తుంది. స్వీడన్‌లో గోథెన్‌బర్గ్‌లో ఎలకల మీద చేసిన ప్రయోగాల్లో ఈ మందు లాలాజల గ్రంథుల్ని ఒకపక్క అణుస్తూనే ఇంకోపక్క సన్నగా తడుతూ ఉంటుందని తేలింది. పగలు, తింటున్నప్పుడు అణచడం పైచేయి. రాత్రి, మామూలుగా అందరికీ గ్రంథులు నిద్రపోయే వేళ, ఆ సన్నటి తట్టుడు ఆగకుండా సాగుతూ ఉంటుంది. గుటక కూడా నిద్రలో అంతగా పడదాయె. దిండు రాత్రే ఎందుకు తడుస్తుందో నాకు బోధపడింది ఈ వివరణతోనే. ఆఖరి మాట ఇదేనని ఎవరూ అనట్లేదు.

అదే ఎం1, ఎం4 తాళాల చుట్టూ ఇంకో కథ నడిచింది. 1990లలో ఎలి లిల్లీ కంపెనీ జనోమెలిన్ అనే మందుని మతిమరుపు జబ్బు కోసం పరీక్షించింది. అది సరిగ్గా ఆ రెండు తాళాల్నే తెరుస్తుంది. మతిమరుపు సంగతేమో గానీ, ఆ ముసలివాళ్ళలో లేనివి కనపడ్డం, లేనిపోని అనుమానాలు తగ్గాయని 1997లో రాశారు. కానీ వాంతులు, చెమటలు, నోరూరడం.. తట్టుకోలేక చాలామంది మధ్యలోనే మానేశారు. మందు అటకెక్కింది. అక్కడే పదేళ్ళకి పైగా ఉంది. తర్వాత కరూనా అనే చిన్న కంపెనీ దాన్ని కిందకి దింపి, దానికి ట్రాస్పియం అనే పాత మూత్రాశయం మందుని జతచేసింది. ట్రాస్పియం మెదడులోకి దాదాపుగా పోలేదు, ఒంట్లో మాత్రం ఆ తాళాల్ని మూసేస్తుంది. మెదడులో తెరిచి ఉంచు, నోట్లో పేగులో మూసెయ్. ఏదో ప్యాచ్ వేసినట్టు, అంతే! 2024 సెప్టెంబరులో ఎఫ్‌డీఏ ఈ జంటని స్కిజోఫ్రేనియాకి ఒప్పుకుంది. డోపమిన్ని నేరుగా అడ్డుకోకుండా పనిచేసే మొదటి రకం మందు ఇదేనట. ఇక్కడ అడ్డంకి నోరూ కడుపూ అని ఒప్పుకుని, దాన్నే సమస్యగా పెట్టుకుని పనిచేశారు చూడండి. అదీ నాకు నచ్చింది.

మన దగ్గర మాత్రం చాలామంది వాడే వైద్యం ఇప్పటికీ తువ్వాలే. దానికి డాక్టర్ల దగ్గర ఏమీ లేదని కాదు. డోసు కొంచెం తగ్గించి చూస్తారు, తలగడ ఎత్తు పెట్టమంటారు, పగలయితే చూయింగ్ గమ్ నమలమంటారు. గ్లైకోపైరోలేట్, క్లోనిడిన్, అమిసల్ప్రైడ్ ఒక్కొక్కరికి ఒక్కొక్కటి. మరీ ఎక్కువైతే గ్రంథిలోకి బోటాక్స్ సూది, అవును, సినిమాతారల బోటాక్సే. నాకు బాగా నచ్చింది అట్రోపిన్ కంటిచుక్కలు. కంటి డాక్టర్లు పాప పెద్దది చెయ్యడానికి వేసే 1 శాతం చుక్కల్ని పడుకునే ముందు నాలిక్కింద వేస్కోవడం. 1999లో కెనడా పత్రికలో దీని గురించి రాశారు. మళ్ళీ ఉమ్మెత్త మందే, ఐతే ఒకటి రెండు చుక్కలు, కావాల్సినచోట మాత్రమే. ఇదే గుణమున్న మాత్రలు మింగితే అసలే మందగించిన పేగు ఇంకా మందగిస్తుంది, అందుకే డాక్టర్ని అడగకుండా ఏదీ కూడదు. వీటిల్లో ఏది మేలో గట్టిగా చెప్పే పరీక్షలు కూడా తక్కువ. 2008లో కోక్రేన్ వాళ్ళు ఉన్నవన్నీ పోగుచేసి చూస్తే, చాలామటుకు చైనాలో చేసిన చిన్నచిన్న పరీక్షలు, తేల్చి చెప్పలేం అన్నారు. పుట్టి యాభయ్యేళ్ళయిన మందు మీద!

2025లో అమెరికా ఆ రక్తపరీక్షల రిజిస్ట్రీని ఎత్తేసింది. పరీక్షలు చేయించమనే ఇప్పటికీ చెప్తారు, కానీ రక్తం ఇవ్వకపోతే మందు లేదన్న పాత నియమం పోయింది. ఆ నియమం భయంతో అవసరమైనవాళ్ళకి కూడా డాక్టర్లు ఈ మందు రాయట్లేదని చాలా ఏళ్ళుగా గొడవ.

మావాడి సంగతి. ఆ పెళ్ళి అయిన తర్వాత నెల్లో నేనే వాడితో వెళ్ళాను. ఫైలు తెరిచి, "సార్, రాత్రిపూట దిండు తడుస్తోంది, పెళ్ళిలో మాత్ర ఆపింది అందుకే" అని నేనే చెప్పేశాను. వీడు నా చెయ్యి గిల్లాడు. డాక్టరుగారు పెన్ను కింద పెట్టి, "ఎన్నాళ్ళ నించి?" అన్నాడు. మూడేళ్ళంటే కాసేపు ఏమీ అనలేదు. మంచి మనిషి, ఆయన్ని తప్పుపట్టడానికి ఇది రాయట్లేదు. తర్వాత చుక్కలు రాసిచ్చాడు.

మందుల షాపువాడు చీటీ చూసి ఇవ్వనన్నాడు. "ఇవి కళ్ళకండీ, నాలిక్కింద అని రాశారేంటి, పొరపాటు పడ్డట్టున్నారు" అని. వెనక నలుగురు నిలబడి ఉన్నారు. నేను ఏం చెప్పాలా అని నీళ్ళు నములుతుంటే వీడే ముందుకొచ్చి, "నిద్రలో చొంగ కారుద్దండీ, దానికి" అన్నాడు, మామూలుగా, తలనొప్పి మాత్ర అడిగినట్టు. షాపువాడు వాడి మొహం వంకా నా మొహం వంకా చూసి సీసా తీసిచ్చాడు. పద్దెనిమిది రూపాయలో ఎంతో.

చుక్కలు పూర్తిగా ఆపలేదు. వారంలో నాలుగు రాత్రులు పొడి, మూడు రాత్రులు తడి అంటాడు. మొన్న దసరాకి మా ఇంటికొచ్చినప్పుడు, పడుకోబోయే ముందు మా ఆవిణ్ణి అడిగాడు, "వదినా, పాత తువ్వాలుంటే ఒకటివ్వవా?"